నల్లమల అడవి చూసొద్దాం

మన పాలమూరు ఆడవాళ్లలో శ్రీశైలం పోనివాళ్లు తక్కువ. శివరాత్రికో, ఉగాదికో, మొక్కు తీర్చుకోవడానికో ఒక్కసారైనా పోయి ఉంటారు. బస్సు అచ్చంపేట దాటుతుంది. మన్ననూరు వస్తుంది. అక్కడ అటవీశాఖ వాళ్ల చెక్‌పోస్టు ఉంటుంది. అది దాటితే రోడ్డుకు రెండు పక్కలా చెట్లే చెట్లు. మలుపు మీద మలుపు. పిల్లలు కిటికీ దగ్గరికి చేరతారు.

"అమ్మా, పులి కనవడతదా?" అని అడుగుతారు.

"గమ్మున కూసో" అంటాం. కాసేపటికి మనకు కునుకు పడుతుంది. లేచేసరికి శ్రీశైలం డ్యామ్ వచ్చేస్తుంది.

అట్లా నిద్రలో దాటిన అడవిని ఈసారి కళ్లు తెరిచి చూద్దాం. అది ఎట్లాంటి అడవి? అందులో ఎవరెవరు ఉన్నారు? మన చేనుకు, మన చెరువుకు, మన బతుకుకు దానితో ఏం సంబంధం? రండి, తెలుసుకుందాం.

ఈ అడవి ఎక్కడుంది?

మల అంటే కొండ. తిరుమల అనే మాటలోనూ అదే మల ఉంది. నల్లమల అంటే నల్లని కొండ. ఈ కొండల వరుస చాలా పెద్దది. మధ్యలో కృష్ణానది లోయ ఉంది. నదికి అవతలి అడవి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇవతలి అడవి తెలంగాణలో ఉంది. ఇవతలి దానిలో ఎక్కువ భాగం మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది. కొంత నల్గొండ జిల్లాలో ఉంది.

గద్వాల అక్కలు జూరాల డ్యామ్ దగ్గర కృష్ణను చూసే ఉంటారు. ఆ కృష్ణే కిందికి పారి, కొల్లాపూర్ దగ్గర సోమశిలను తాకి, ఈ నల్లమల లోయలోకి వస్తుంది. గద్వాల నీళ్లకు, నల్లమల అడవికి అట్లా చుట్టరికం ఉంది.

1978లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. అభయం అంటే భయం లేకపోవడం. అరణ్యం అంటే అడవి. జంతువులు భయం లేకుండా బతికే అడవి అన్నమాట. 1983లో దీన్ని పులుల రక్షణ కేంద్రంగా చేశారు. అప్పుడు కృష్ణకు రెండు పక్కల ఉన్న అడవి అంతా ఒకటే కేంద్రం. 2014లో రాష్ట్రాలు వేరయ్యాయి. 2015లో ఇవతలి భాగానికి అమ్రాబాద్ పులుల రక్షణ కేంద్రం అని పేరు పెట్టారు.

దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పుకుంటే సుమారు 6 లక్షల 45 వేల ఎకరాలు. లోపలి భాగాన్ని కోర్ అంటారు. అది జంతువులకు వదిలిన చోటు. చుట్టూ ఉన్న అంచును బఫర్ అంటారు. అక్కడ ఊళ్లు, పొలాలు, అడవి కలిసి ఉంటాయి.

బయలుదేరే ముందు

గద్వాల, వనపర్తి వైపు వాళ్లు నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట చేరుకోవచ్చు. అక్కడి నుంచి మన్ననూరుకు పోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.

బస్సు రోడ్డు మీద పోతే అడవి అంచు మాత్రమే కనిపిస్తుంది. లోపలికి పోవాలంటే అటవీశాఖ వాళ్ల సఫారీ బండి ఎక్కాలి. అది పై భాగం తెరిచి ఉండే బండి. దారి చూపే మనిషి మన వెంట ఉంటాడు. దీనికి టికెట్టు కొనాలి. టికెట్టు ధర ఎంతో, బండి ఏ వేళకు పోతుందో మన్ననూరు అటవీశాఖ ఆఫీసులో ముందుగానే అడగాలి. పది మంది సంఘం ఆడవాళ్లు కలిసి పోతే ఖర్చు కలిసి వస్తుంది. ధైర్యంగానూ ఉంటుంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు. అవి వానకాలం నెలలు. దారులు బురదగా ఉంటాయి. చాలా జంతువులకు అది తోడు కలిసే కాలం, పిల్లల్ని పెంచుకునే కాలం. అప్పుడు వాటిని కదిలించకూడదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో వేడి ఎక్కువ. కానీ జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి కాబట్టి కనిపించే అవకాశం ఎక్కువ.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. రాత్రి 9 గంటల నుంచి పొద్దున 6 గంటల వరకు మన్ననూరు, దోమలపెంట మధ్య అడవి రోడ్డు మూసేస్తారు. రాత్రి పూట జంతువులు రోడ్డు దాటుతాయి. లైట్ల వెలుగుకు వాటి కళ్లు చెదిరి అక్కడే నిలబడిపోతాయి. బండి గుద్దితే ప్రాణం పోతుంది. మనుషులకూ ప్రమాదమే. అందుకే ఈ కట్టుబాటు.

మెరిసే చీరలు వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు మంచివి. సెంటు పూసుకోవద్దు. ఫోనులో పాటలు పెట్టొద్దు. సద్ది కట్టుకోండి. నీళ్లు తెచ్చుకోండి. తెచ్చిన ప్రతి కవరు, ప్రతి సీసా తిరిగి ఇంటికి తీసుకుపోండి.

ఆకులు రాల్చే అడవి

పొద్దున్నే సఫారీ బండి కదిలింది అనుకుందాం. లోపల ఏం కనిపిస్తుంది?

నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, ఇప్ప, మోదుగ, ఉసిరి, వెదురు కనిపిస్తాయి. వీటిలో సగం మనకు తెలిసినవే. మోదుగ ఆకుతో విస్తరి కుడతాం. తునికి ఆకుతో బీడీ చుడతాం. ఉసిరితో తొక్కు పెడతాం.

ఎండాకాలంలో పోతే చెట్లు మోడులై నిలబడి ఉంటాయి. "అయ్యో, అడవి ఎండిపోయింది" అనుకుంటాం. అది ఎండిపోవడం కాదు. చెట్టు ఆకుల నుంచి నీళ్లు ఆవిరైపోతాయి. మన దిక్కు వాన తక్కువ. రాళ్ల నేలలో తేమ తక్కువ. అందుకే ఎండలు ముదరకముందే చెట్టు ఆకులు రాల్చుకుంటుంది. ఉన్న నీళ్లను కాండంలో, వేర్లలో దాచుకుంటుంది. కరువు ఏడు వస్తే మనం ఇంటి ఖర్చు తగ్గించుకోమా? చెట్టు కూడా అదే పని చేస్తుంది. తొలకరి పడగానే అడవి అంతా మళ్లీ చిగురిస్తుంది.

రాలిన ఆకు కూడా దండగ కాదు. అది నేల మీద పరుపులా పేరుకుంటుంది. కుళ్లి ఎరువు అవుతుంది. వాన పడితే ఆ పరుపు నీళ్లను పీల్చుకుంటుంది. మెల్లమెల్లగా నేలలోకి దింపుతుంది. అట్లా దిగిన నీళ్లు ఊటలై, వాగులై కిందికి వస్తాయి.

చెట్టు లేని గుట్ట మీద వాన పడితే ఏమవుతుంది? నీళ్లు ఎర్రగా ఉరికిపోతాయి. మట్టిని తీసుకుపోతాయి. చెరువులో పూడిక నిండుతుంది. బోరులో నీళ్లు రావు. కరువుతో పాలమూరు నుంచి ఎంతమంది వలస పోయారో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. గుట్ట మీద చెట్టు నిలిస్తే కింద నీళ్లు నిలుస్తాయి.

నిప్పు ఈ అడవికి పెద్ద శత్రువు. ఫిబ్రవరి నుంచి మే వరకు గడ్డి, ఆకు ఎండి ఉంటాయి. ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క చాలు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన చిన్న మంట చాలు. గాలికి అది కొండంతా పాకుతుంది. చిన్న మొలకలు, పక్షుల గుడ్లు, తాబేళ్లు కాలిపోతాయి. అందుకే అటవీశాఖ వాళ్లు మధ్య మధ్య గడ్డి లేకుండా వెడల్పు బాటలు తీస్తారు. నిప్పు అక్కడికి వచ్చి ఆగిపోతుంది.

అడవిని చదవడం

"పులి కనవడకుంటే పైసలు దండగ గదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

పులి కనిపించడం అదృష్టం. చాలామందికి కనిపించదు. పులికి మనం కనిపిస్తాం. మనకు అది కనిపించదు. కానీ పులి పోయిన జాడలు కనిపిస్తాయి. మనం అక్షరాలు చదవడం నేర్చుకున్నాం కదా. అడవిలోనూ చదవడానికి ఎన్నో ఉన్నాయి. దారి చూపే మనిషి ఆపి చూపిస్తాడు. బండి మాత్రం దిగకూడదు.

దుమ్ములో అడుగులు చూడండి. పులి, చిరుత అడుగు గుండ్రంగా ఉంటుంది. గోళ్ల గుర్తు పడదు. పిల్లి లాగే అవి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అడవి కుక్కల అడుగులో గోళ్ల గుర్తు ఉంటుంది. వీటినే రేసుకుక్కలు అంటారు. ఎలుగుబంటి వెనక పాదం గుర్తు చూస్తే మనిషి పాదమే అనిపిస్తుంది. కానీ ముందు పొడుగు గోళ్ల గీతలు ఉంటాయి.

చెట్టు మొదలు మీద నిలువు గీతలు ఉన్నాయా? పులి గోళ్లతో గీకింది. "ఇది నా హద్దు" అని ఇంకో పులికి చెప్పడానికి అట్లా చేస్తుంది. మన పొలానికి హద్దు రాయి పాతినట్లే. పుట్ట తవ్వి ఉందా? ఎలుగుబంటి చెదలు తిన్నది. నలుపు, తెలుపు చారల ముళ్లు పడి ఉన్నాయా? ఏదుపంది ఆ దారిన పోయింది.

చెవులకు కూడా పని చెప్పాలి. చెట్టు మీద కొండముచ్చు ఉంటుంది. కింద చుక్కల దుప్పులు మేస్తుంటాయి. కొండముచ్చు తింటూ ఆకులు, కాయలు కింద పడేస్తుంది. దుప్పి వాటిని తింటుంది. కొండముచ్చుకు పై నుంచి దూరం కనిపిస్తుంది. పులి వస్తే గట్టిగా దగ్గినట్టు అరుస్తుంది. దుప్పులు తోకలు ఎత్తి పారిపోతాయి. దుప్పికి వాసన ముందు తెలిస్తే అది అరుస్తుంది. కొండముచ్చు జాగ్రత్త పడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు కావలి. ఇరుగుపొరుగు అంటే అట్లా ఉండాలి.

ఈ అడవిలో ఇంకా కణుజులు, మనుబోతులు, నాలుగు కొమ్ముల జింకలు, అడవి పందులు, అలుగులు, నెమళ్లు ఉన్నాయి. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. కుందేలంత ఉండే మూషిక జింక కూడా ఉంది. వాటిని హైదరాబాదు జూపార్కు వాళ్లు, అక్కడి శాస్త్రవేత్తలు పెంచారు. 2017లో కొన్నింటిని తెచ్చి ఈ అడవిలో వదిలారు.

సఫారీ బండి ఫరహాబాద్ కొండ కొన దాకా పోతుంది. అక్కడ నిలబడి చూస్తే లోయ అంతా కనిపిస్తుంది. ఫరహ్ అంటే సంతోషం. ఆ పేరు నిజాం కాలం నాటిది. అప్పుడు పెద్దపెద్దవాళ్లు ఇక్కడికి వేటకు వచ్చేవాళ్లు. పులిని చంపి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడం గొప్ప అనుకునేవాళ్లు. ఇప్పుడు వేట నేరం. పులుల కేంద్రం లోపలి భాగంలో వేటాడితే కనీసం 3 ఏళ్లు జైలు. అది 7 ఏళ్ల దాకా పోవచ్చు.

పులికీ వేలిముద్ర ఉంది

చదువు రాకముందు మనం వేలిముద్ర వేసేవాళ్లం. ఒకరి ముద్ర ఇంకొకరికి రాదు. పులి చారలు కూడా అంతే. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. అటవీశాఖ వాళ్లు చెట్లకు కెమెరాలు కడతారు. పులి ముందు నుంచి పోతే ఫోటో దానంతట అదే పడుతుంది. చారలను పోల్చి చూసి, ఇది ఏ పులో గుర్తుపడతారు. ఒకే పులిని రెండుసార్లు లెక్క పెట్టకుండా అట్లా జాగ్రత్త పడతారు.

మన దేశంలో 1972లో లెక్క తీస్తే పులులు సుమారు 1,800 మాత్రమే తేలాయి. అదే సంవత్సరం వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల రక్షణ పథకం మొదలైంది. అయినా దొంగ వేట ఆగలేదు. 2006లో కొత్త పద్ధతిలో లెక్క తీస్తే 1,411 అని తేలింది. ఆ తర్వాత కాపలా పెరిగింది. 2022 లెక్క ప్రకారం దేశంలో సుమారు 3,682 పులులు ఉన్నాయి. నాలుగేళ్లకు ఒకసారి ఈ లెక్క తీస్తారు.

పులి తల్లి సంగతి వినండి. అది సుమారు 105 రోజులు కడుపుతో ఉంటుంది. 2 నుంచి 4 పిల్లల్ని కంటుంది. మగపులి తోడు ఉండదు. తల్లి ఒక్కతే వేటాడాలి, పాలివ్వాలి, కాపలా కాయాలి. సుమారు రెండేళ్ల దాకా పిల్లలు తల్లి వెంటే ఉంటాయి. వేట నేర్చుకుంటాయి. తల్లిని చంపితే పిల్లలు ఆకలికి చస్తాయి. ఒక్క ఉచ్చుతో ఒక కుటుంబమే పోతుంది.

పులి ఉంటే మనకేం లాభం?

ఒక పులి వారానికి సుమారు ఒక పెద్ద జంతువును తింటుంది. ఏడాదికి 50 దాకా అవుతుంది. అన్ని జంతువులు తరిగిపోకుండా ఉండాలంటే ఒక్కో పులికి వందల కొద్దీ దుప్పులు, కణుజులు, పందులు ఉండాలి. వాటికి గడ్డి, ఆకు ఉండాలి. గడ్డికి మంచి నేల, నీళ్లు కావాలి. అంటే పులి బాగుందంటే అడవి అంతా బాగుందని అర్థం. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే ఆ పూటకు గింజలు ఉన్నాయని తెలిసినట్లే.

పులి, చిరుత తగ్గిపోతే ఏమవుతుంది? దుప్పులు, పందులు ఎక్కువ అవుతాయి. మొలకలను తొక్కేస్తాయి, తినేస్తాయి. కొత్త చెట్లు పెరగవు. అడవి పందులు పల్లికాయ చేనులో, మక్కచేనులో పడితే మనకెంత నష్టమో తెలిసిందే.

పందుల బాధకు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. ఇది చాలా తప్పు. ఆ తీగకు పంది ఒక్కటే తగలదు. పులి తగులుతుంది. ఎద్దు తగులుతుంది. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను మనిషి తగులుతాడు. పందిని చంపబోయి మనిషిని చంపిన పాపం, జైలు రెండూ వస్తాయి. అడవి జంతువుల వల్ల పంట పోతే, ఆవో మేకో చస్తే అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా ఫోటో తీసి పెట్టుకోవాలి. దరఖాస్తు మనమే రాసుకోవచ్చు. ఇప్పుడు మనకు రాయడం వచ్చు.

చెంచులు లేని నల్లమల లేదు

నల్లమలలో ఎన్నో తరాల నుంచి చెంచులు ఉన్నారు. వాళ్లుండే చిన్న పల్లెను పెంట అంటారు. దోమలపెంట, ఈగలపెంట అనే పేర్లు అట్లా వచ్చాయి. వాళ్లు గడ్డలు తవ్వుకుంటారు. తేనె, ఇప్పపూలు, బంక, ఉసిరికాయలు సేకరిస్తారు. తిన్నది తిని మిగిలింది గిరిజన సహకార సంస్థకు, సంతలో అమ్ముతారు.

తేనె తీయడం ప్రాణంతో పని. కొండ చరియకు తేనెపట్టు ఉంటుంది. నారతో పేనిన తాడు పట్టుకొని మనిషి కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? అతని బావమరిది. అంటే అతని భార్య అన్నో, తమ్ముడో. తన తోబుట్టువు ముండమోయకూడదని అతను తాడు వదలడని నమ్మకం. తేనె తీసేటప్పుడు పట్టు అంతా కోయరు. ఈగలకు కొంత వదిలేస్తారు. మళ్లీ ఏడాది తేనె కావాలి కదా. గడ్డ తవ్వినా అంతే. మళ్లీ మొలవడానికి కొంత నేలలో ఉంచుతారు.

అడుగుజాడలు చదవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అందుకే అటవీశాఖ చెంచు యువకులను కాపలాకు, దారి చూపడానికి పనిలో పెట్టుకుంది. ఎండాకాలంలో వాగులు ఎండిపోతే జంతువుల కోసం అడవిలో సిమెంటు తొట్లు నింపుతారు. నిప్పు లేస్తే ఆర్పుతారు. ఈ పనుల్లో చాలావరకు వాళ్ల చేతులే ఉన్నాయి.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. పులుల కోసం లోపలి పల్లెలను బయటికి తరలించాలని ప్రయత్నం జరుగుతున్నది. కొందరు "పోతాం, పిల్లలకు బడి, దవాఖాన దగ్గరవుతాయి" అంటారు. కొందరు "అడవి విడిచి మేం బతకలేం. మా లింగమయ్య ఈడనే ఉన్నడు" అంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. చట్టం ఏం చెబుతున్నది?

బలవంతంగా ఎవరినీ పంపకూడదు. ఇష్టపడి పోవాలి. ముందు అడవి మీద వాళ్ల హక్కులు తేల్చాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. ఒప్పుకొని పోయే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. ఇది 2021లో పెంచిన మొత్తం. అంతకు ముందు 10 లక్షలు ఉండేది. డబ్బు వద్దనుకుంటే భూమి, ఇల్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పెళ్లయిన వాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలి. ఆ చట్టం కింద జరిగే గ్రామసభకు ఊరి పెద్దల్లో సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్లు రాకపోతే ఆ సభ చెల్లదు. చదవకుండా వేలిముద్ర వేస్తే ఏం ఒప్పుకున్నామో మనకే తెలియదు. కాగితం చదవాలి. అర్థం కాకపోతే అడగాలి. తర్వాతే సంతకం. ఇది చెంచు అక్కలకే కాదు, మనకూ వర్తిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కొండల్లో యురేనియం అనే ఖనిజం కోసం తవ్వాలని ఆలోచన చేశారు. 2019లో చుట్టుపక్కల జనం వద్దన్నారు. నీళ్లు చెడిపోతాయని, అడవి పోతుందని భయపడ్డారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. జనం మాట్లాడితే వినబడుతుంది.

మనం చేసే తప్పులు

చైత్ర పున్నమికి లోపలి లోయలో సలేశ్వరం జాతర జరుగుతుంది. కొండ దిగి, గుండం దగ్గర లింగమయ్యను చూసుకుంటారు. అక్కడ పూజారులు చెంచులే. కొద్ది రోజుల జాతరకు వేలకు వేల మంది పోతారు. తిరిగి వచ్చాక అడవిలో ఏం మిగులుతుంది? కవర్లు, సీసాలు, గ్లాసులు మిగులుతాయి. ఉప్పు రుచికి దుప్పులు ఆ కవర్లను తింటాయి. కడుపులో ఉండ కట్టి చస్తాయి. దేవుడి దగ్గరికి పోయి పాపం తెచ్చుకోవడమే ఇది.

శ్రీశైలం రోడ్డు మీద కోతులకు అరటిపళ్లు విసురుతాం. పుణ్యం అనుకుంటాం. దానివల్ల కోతులు అడవిలో తిండి వెతకడం మానేస్తాయి. రోడ్డు మీదే కూర్చుంటాయి. బండ్ల కింద పడతాయి. చేతిలో సంచి కనిపిస్తే మీద పడి గుంజుకుంటాయి. వాటికి అడవిలో తిండి ఉంది. మనం పెట్టనక్కర లేదు.

ఎలుగుబంటి విషయంలో జాగ్రత్త. ఇప్పపూలంటే దానికి ప్రాణం. తెల్లవారుజామున చెట్ల కిందికి వస్తుంది. బఫర్ ఊళ్లలో ఇప్పపూలకు పోయే అక్కలు ఒంటరిగా పోవద్దు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ పోవాలి. చప్పుడు వింటే అదే తప్పుకుంటుంది. హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది.

తిరిగి వచ్చాక

సాయంత్రం మన్ననూరులో బస్సు ఎక్కుతాం. పులి కనిపించి ఉండకపోవచ్చు. దుమ్ములో దాని అడుగు చూశాం. చెట్టు మీద దాని హద్దు చూశాం. కొండముచ్చు కేక విన్నాం. అది అక్కడే ఉందని తెలిసింది. ఆకు ఎందుకు రాలుతుందో, నీళ్లు ఎట్లా నిలుస్తాయో తెలిసింది.

ఇంటికి వచ్చాక పిల్లలు అడుగుతారు: "అమ్మా, పులి కనవడ్డదా?"

ఈసారి "గమ్మున కూసో" అనకండి. పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక కాగితం తీసుకోండి. పులి అడుగు గీయండి. పక్కన కుక్క అడుగు గీయండి. తేడా ఏందో చెప్పండి. కింద వాటి పేర్లు రాయండి.

మాట్లాడుకుందాం

1. మీ ఊరి గుట్ట మీద ఇరవై ఏళ్ల కింద ఏ చెట్లు ఉండేవి? ఇప్పుడు ఏవి ఉన్నాయి? మీ ఊరి పెద్దమనుషులను అడిగి రాయండి.

2. అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి, ఎవరి ప్రాణానికీ ముప్పు లేని ఉపాయాలు ఏమున్నాయి?

3. పులి కోసం పల్లెలు ఖాళీ చేయాలంటే ఎవరిని అడగాలి? మీరే ఆ పల్లెలో ఉంటే గ్రామసభలో ఏమని అడుగుతారు?

4. మీ ఊరి నుంచి ఈసారి సలేశ్వరం పోయే వాళ్లకు మీరు ఏ మూడు మాటలు చెబుతారు? పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి బస్టాండులో కట్టండి.